మోడల్ ట్రాన్స్‌ఫర్మేషన్ రాయడం, అది సరిగ్గా పనిచేస్తోందని తేల్చుకోవడం ఎలా

ముందు నన్ను బాగా తిప్పలు పెట్టిన ఒక తప్పు చూపిస్తాను, పద్ధతి తర్వాత. క్లాస్ మోడల్‌ని తీసుకుని డేటాబేస్ టేబుళ్ల మోడల్‌గా మార్చే ట్రాన్స్‌ఫర్మేషన్ ఒకటి రాశాను, అంటే ఒక మోడల్ (సోర్స్) నుంచి ఇంకో మోడల్‌ని (టార్గెట్) రూల్స్ ప్రకారం పుట్టించే ప్రోగ్రామ్. ఈ పనిలోకి వచ్చిన ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు చేసే లెక్కే ఇది, 2005లో ట్రాన్స్‌ఫర్మేషన్ భాషలను పక్కపక్కన పెట్టి చూడటానికి జరిగిన వర్క్‌షాప్‌లో కూడా అందరికీ దీన్నే ఇచ్చారు. నా సోర్స్ మోడల్‌లో పార్టీ అనే ఆబ్‌స్ట్రాక్ట్ క్లాస్ (నేరుగా ఆబ్జెక్టులు పుట్టనిది), దాని కింద వ్యక్తి, సంస్థ అని రెండు మామూలు క్లాసులు, పక్కన ఆర్డర్ అనే ఇంకో క్లాస్ ఉన్నాయి. ఆర్డర్ నుంచి పార్టీకి ఒక రిఫరెన్స్. రూల్స్‌ని మాటల్లో చెబితే ఇవీ:

రూల్ 1: ఆబ్‌స్ట్రాక్ట్ కాని ప్రతి క్లాస్‌కీ ఒక టేబుల్. అందులోని కాలమ్స్ ఆ క్లాస్ ఆట్రిబ్యూట్ల నుంచి పుట్టినవి.
రూల్ 2: ప్రతి ఆట్రిబ్యూట్‌కీ ఒక కాలమ్.
రూల్ 3: ప్రతి రిఫరెన్స్‌కీ ఒక ఫారిన్ కీ, అంటే ఇంకో టేబుల్‌లోని వరుసను చూపించే కాలమ్. అది చూపించే టేబుల్ ఏదంటే, రిఫరెన్స్ చూపించే క్లాస్ నుంచి పుట్టిన టేబుల్.

చదివితే తప్పేమీ కనిపించదు. నడిపితే ఎర్రర్ రాలేదు, టార్గెట్ మోడల్ వచ్చింది, దాన్నుంచి ఎస్‌క్యూఎల్ వచ్చింది, టేబుళ్లూ తయారయ్యాయి. కానీ పార్టీ ఆబ్‌స్ట్రాక్ట్ కాబట్టి రూల్ 1 దాన్ని వదిలేసింది, అందువల్ల రూల్ 3కి పార్టీ నుంచి పుట్టిన టేబుల్ దొరకలేదు, ఫారిన్ కీ దేన్నీ చూపించకుండా ఖాళీగా మిగిలిపోయింది. టార్గెట్ మెటామోడల్‌లో (మోడల్‌లో ఏమేం ఉండొచ్చో చెప్పే మోడల్) ఆ లింక్‌కి కింది హద్దు, అంటే కనీసం ఎన్ని ఉండాలన్నది, 0 అని పెట్టి ఉంది, కాబట్టి వాలిడేటర్‌కి అభ్యంతరం లేదు. ఎస్‌క్యూఎల్ టెంప్లేట్‌లో లింక్ ఉంటేనే ఫారిన్ కీ ముక్క రాయమని ఉంది, కాబట్టి అదీ నోరు మెదపలేదు. చివరికి ఆర్డర్ టేబుల్‌లో పార్టీ నంబర్ ఉండాల్సిన చోట ఏ నంబర్ పడితే ఆ నంబర్ పడుతోంది.

అంతేకాదు, పార్టీకి ఉన్న పేరు అనే ఆట్రిబ్యూట్‌కి రూల్ 2 ప్రకారం కాలమ్ అయితే పుట్టింది గానీ దాన్ని ఏ టేబులూ తీసుకోలేదు. వ్యక్తి టేబుల్‌లో పేరు లేదు, సంస్థ టేబుల్‌లో పేరు లేదు, ఆ కాలమ్ మాత్రం టార్గెట్ ఫైల్‌లో ఎవరికీ చెందకుండా స్కీమా పక్కన ఇంకో రూట్‌గా కూర్చుంది. ఫైల్‌ని ట్రీ ఎడిటర్‌లో తెరిచి, అన్నీ మూసేసి పైనుంచి చూస్తేనే అది కనిపించింది.

ఈ రెండు తప్పులూ ఏ ఒక్క రూల్‌లోనూ లేవు, రూల్స్ మధ్య ఉన్న ఖాళీలో ఉన్నాయి. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే. రూల్ రాయడానికి కూర్చునే ముందే, సోర్స్‌కీ టార్గెట్‌కీ మధ్య ఏం నిజమై తీరాలో విడిగా రాసుకోండి, అది కూడా మెషీన్ నడిపి చూడగలిగే రూపంలో. మిగతా పనంతా దాని మీదే నిలబడుతుంది.

మొదట మెటామోడల్స్. చాలామంది వీటిని దొరికినట్టే వాడేసి రూల్స్‌లోకి దూకేస్తారు. ఒక పూట ఆగి టార్గెట్ మెటామోడల్‌ని బిగించండి. ఫారిన్ కీ ఏదో ఒక టేబుల్‌ని చూపించకుండా ఉండే సందర్భమే లేకపోతే దాని కింది హద్దు 1 అని పెట్టండి, 0 కాదు. పైన చెప్పిన మొదటి తప్పు ఆ ఒక్క అంకెతోనే వాలిడేషన్‌లో దొరికిపోయేది. కాలమ్ టేబుల్ లోపలే ఉండాలంటే కంటెయిన్‌మెంట్ (ఒకటి ఇంకోదాని లోపలే ఉంటుందనే సంబంధం) పెట్టి, కాలమ్ వైపు నుంచి టేబుల్‌కి ఎదురు లింక్ కూడా తప్పనిసరి చేయండి, అప్పుడు దిక్కులేని కాలమ్ కూడా దొరుకుతుంది. బొమ్మలో గీయలేని నియమాలను ఓసీఎల్‌లో (మోడల్స్ మీద నియమాలు రాసే భాష) రాయండి: ఒక స్కీమాలో రెండు టేబుళ్లకి ఒకే పేరు ఉండకూడదు, ప్రతి టేబుల్‌కీ ప్రైమరీ కీ ఉండాలి, ఫారిన్ కీ కాలమ్ టైపూ అది చూపించే కీ టైపూ ఒకటే కావాలి. పేర్ల నియమం చిన్నదిగా అనిపిస్తుంది గానీ, రెండు వేర్వేరు ప్యాకేజీల్లో ఒకే పేరుతో క్లాసులున్న మోడల్ వచ్చిన రోజు దాని విలువ తెలుస్తుంది.

తర్వాత కాంట్రాక్ట్. దీన్ని మూడు కుప్పలుగా రాయండి. సోర్స్ మోడల్ ఎలా ఉంటేనే మేం తీసుకుంటాం అనేది ఒకటి, టార్గెట్ ఎలా ఉండాలి అనేది రెండోది, సోర్స్‌లో ఇది ఉంటే టార్గెట్‌లో అది ఉండాలి అనేది మూడోది. మొదటి రెండూ ఒక్కో మోడల్ మీద రాసే మామూలు ఓసీఎల్ నియమాలే. అసలు బలం మూడోదానిలో ఉంది, కష్టం కూడా అక్కడే, ఎందుకంటే అది రెండు మోడల్స్‌నీ ఒకేసారి చూడాలి. 2011లో గోగొల్లా, వయెసియో అనే పరిశోధకులు ప్రతిపాదించిన ట్రాక్ట్స్ అనే పద్ధతి కూడా ఈ దారిదే: ట్రాన్స్‌ఫర్మేషన్ లోపల ఏముందో పట్టించుకోకుండా, బయట నుంచి సోర్స్ మీద, టార్గెట్ మీద, రెంటి మధ్య నియమాలు పెట్టి, వాటికి సరిపడే టెస్ట్ మోడల్స్‌ని నడిపి చూడటం.

కాంట్రాక్ట్ రాస్తుంటేనే డిజైన్ ప్రశ్నలు బయటపడతాయి. మా లెక్కలో "ప్రతి ఫారిన్ కీకీ ఒక టేబుల్ ఉండాలి" అని రాయబోతే, ఆబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌ని చూపించే రిఫరెన్స్ సంగతేంటి అని ఆగిపోవాల్సి వచ్చింది. ఇన్‌హెరిటెన్స్‌ని టేబుళ్లలో పెట్టడానికి దారులు చాలా ఉన్నాయి: మొత్తం వంశానికంతా ఒకే టేబుల్, ఆబ్‌స్ట్రాక్ట్ కాని ప్రతి క్లాస్‌కీ ఒక టేబుల్, ఆబ్‌స్ట్రాక్ట్ అయినా కాకపోయినా ప్రతి క్లాస్‌కీ ఒక టేబుల్. మేం మూడోది ఎంచుకున్నాం, పిల్ల టేబుల్ నుంచి తల్లి టేబుల్‌కి ఫారిన్ కీ పెట్టి. అంతటితో రూల్ 1లో గార్డే (రూల్ ఏ ఎలిమెంట్లకి తగలాలో చెప్పే షరతు) అక్కర్లేకపోయింది, పై రెండు తప్పులూ ఒక్క దెబ్బతో పోయాయి. రూల్స్‌లో ముందే ప్యాచ్‌లు వేసుకుంటూ పోయి ఉంటే ఈ ప్రశ్న ఎప్పటికీ ఎదురయ్యేది కాదు.

మూడో కుప్పలో మొట్టమొదట రాయాల్సింది లెక్కల నియమం, చవకైనదీ ఎక్కువ తప్పులు పట్టేదీ అదే. టేబుళ్ల సంఖ్య = క్లాసుల సంఖ్య + రెండు వైపులా అనేకం ఉండే అసోసియేషన్ల సంఖ్య + అనేక విలువలుండే ఆట్రిబ్యూట్ల సంఖ్య. ఒక మోడల్ మీద వేసి చూద్దాం. పార్టీ, వ్యక్తి, సంస్థ, ఆర్డర్, వస్తువు అని ఐదు క్లాసులు. ఆర్డర్‌కీ వస్తువుకీ మధ్య రెండు వైపులా అనేకం. పార్టీకి ఫోన్ నంబర్లు అనేకం. అంటే 5 + 1 + 1, ఏడు టేబుళ్లు రావాలి. ఫారిన్ కీలు లెక్కపెట్టండి: వ్యక్తి నుంచి పార్టీకి ఒకటి, సంస్థ నుంచి పార్టీకి ఒకటి, ఆర్డర్ నుంచి పార్టీకి ఒకటి, ఆర్డర్‌కీ వస్తువుకీ మధ్య పుట్టిన టేబుల్ నుంచి రెండు, ఫోన్ నంబర్ల టేబుల్ నుంచి ఒకటి, మొత్తం ఆరు. ఇలా కాగితం మీద చేత్తో వేసిన లెక్కకీ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇచ్చినదానికీ తేడా వస్తే, రూల్ తప్పో మీ అర్థం తప్పో అక్కడికక్కడే తేలిపోతుంది.

భాష ఎంచుకోవడం గురించి జనం గంటలు గంటలు వాదించుకుంటారు, నేను తొందరగా ముగిస్తాను. ఎక్లిప్స్‌లోని మోడలింగ్ ఫ్రేమ్‌వర్క్ ఈఎమ్ఎఫ్ మోడల్స్ మీద సోర్స్ ఒకటి, టార్గెట్ ఇంకొకటి అయితే ఏటీఎల్ భాష, లేదా ఎప్సిలాన్ అనే టూల్స్ కుటుంబంలోని ఈటీఎల్ భాష. మోడలింగ్ ప్రమాణాలు తయారుచేసే ఓఎమ్‌జీ సంస్థ ప్రమాణం కావాలంటే క్యూవీటీ, 2008లో దాని 1.0 వచ్చింది. ఉన్న మోడల్‌నే లోపల మార్చాలంటే హెన్షిన్ లాంటి గ్రాఫ్ ట్రాన్స్‌ఫర్మేషన్ టూల్. సోర్స్ నుంచి టార్గెట్‌కీ, టార్గెట్ నుంచి సోర్స్‌కీ రెండు వైపులా తిరగాలంటే ట్రిపుల్ గ్రాఫ్ గ్రామర్లు చూడండి, షూర్ 1994లో ప్రతిపాదించినవి. మామూలు జావాలో రాసినా తప్పు లేదు, కానీ ట్రేస్ లింకులను (ఏ సోర్స్ ఎలిమెంట్ నుంచి ఏది పుట్టిందన్న గుర్తులు) మీరే దాచుకోవాలి, అది మర్చిపోవద్దు. ఇంకో మాట: మోడల్ నుంచి నేరుగా టెక్స్ట్ రాసే టెంప్లేట్‌లో తెలివితేటలు పెట్టకండి. నిర్ణయాలన్నీ మోడల్ నుంచి మోడల్‌కి వెళ్లే దశలో అయిపోవాలి, టెంప్లేట్ కేవలం అచ్చు వేయాలి, ఎందుకంటే మోడల్‌ని ప్రశ్నించవచ్చు, టెక్స్ట్‌ని ప్రశ్నించడం నరకం.

రూల్స్ రాసేటప్పుడు గార్డుల మీదే మీ శ్రద్ధంతా పెట్టండి. ఒకే రకం ఎలిమెంట్ మీద మూడు రూల్స్ ఉంటే, వాటి గార్డులు ఒకదాన్నొకటి తాకకూడదు, మూడూ కలిస్తే అన్ని సందర్భాలూ రావాలి. ఏటీఎల్‌లో ఒకే ఎలిమెంట్‌కి రెండు మ్యాచ్డ్ రూల్స్ తగిలితే నడుస్తున్నప్పుడు ఎర్రర్ ఇస్తుంది, అది మంచిదే. ఏ రూలూ తగలకపోతే మాత్రం ఏమీ అనదు. అక్కడే ఎలిమెంట్లు మాయమవుతాయి.

గార్డుల్లో నేను పడ్డ ఇంకో గుంట చెబుతాను. ఎకోర్‌లో (ఈఎమ్ఎఫ్ మెటామోడల్స్ రాసే భాష) హద్దు లేని మల్టిప్లిసిటీని, అంటే ఎన్ని విలువలైనా ఉండొచ్చన్నదాన్ని, -1 అని దాస్తారు. అనేక విలువలున్న ఆట్రిబ్యూట్‌ని గుర్తుపట్టడానికి "పై హద్దు 1 కంటే ఎక్కువ" అని గార్డ్ రాస్తే, 5 ఉన్నది దొరుకుతుంది, నక్షత్రం పెట్టినది మాత్రం -1 కాబట్టి జారిపోయి ఒకే విలువ ఉన్నదాని లాగా కాలమ్‌గా మారుతుంది. ఫోన్ నంబర్లన్నీ పోయి ఒక్క నంబర్‌కే చోటు మిగులుతుంది. ఎకోర్ ఇచ్చే "అనేకమా" అనే ప్రశ్నకి సరైన జవాబు దానికే తెలుసు, దాన్నే వాడండి, అంకెలతో మీరు పోల్చకండి.

పెద్ద రూల్ రాసి లోపల ఇంపరేటివ్ ముక్కలు (ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి అనే ఆదేశాలు) పేర్చుకుంటూ పోయే అలవాటు ఉంటే ఇప్పుడే మానుకోండి. డిక్లరేటివ్‌గా (ఏది దేనిగా మారాలో మాత్రమే చెబుతూ) రాసిన రూల్ ఏ క్రమంలో నడిచినా ఫలితం ఒకటే, అందుకే దాన్ని విశ్లేషించే టూల్స్ ఉన్నాయి. ఇంపరేటివ్ బ్లాక్‌లోకి వెళ్లిన క్షణం ఆ హామీ పోతుంది, కొన్నిసార్లు తప్పదు, అప్పుడు కూడా దాన్ని ఒక చిన్న హెల్పర్ దగ్గరే కట్టి పడేయండి. ఏటీఎల్ రాసేవాళ్లకి ప్రత్యేకంగా అనాట్లైజర్ అనే స్టాటిక్ అనలైజర్ ఉంది. లేని ఫీచర్‌ని పిలవడం, ఖాళీ అయ్యే అవకాశం ఉన్న దారిలో నడవడం, బైండింగ్‌కి (టార్గెట్ ఎలిమెంట్ ఫీచర్‌కి విలువ ఇచ్చే లైన్) సరిపడే రూల్ లేకపోవడం లాంటివి నడపకముందే చూపిస్తుంది. మా ఫారిన్ కీ తప్పు సరిగ్గా ఆ మూడో రకమే.

ట్రేస్‌ని తప్పకుండా ఫైల్‌లో దాచండి. ఏ సోర్స్ ఎలిమెంట్ నుంచి, ఏ రూల్ ద్వారా, ఏ టార్గెట్ ఎలిమెంట్ పుట్టిందన్న చిట్టా అది. నడిపిన ప్రతిసారీ దాని మీద రెండు ప్రశ్నలు వేయండి: ట్రేస్‌లో అసలు కనిపించని సోర్స్ ఎలిమెంట్లు ఏవి, ట్రేస్‌లో ఉన్నా ఏ కంటెయినర్‌లోనూ లేని టార్గెట్ ఎలిమెంట్లు ఏవి? మొదటి జాబితాలో ప్యాకేజీలు, కామెంట్లు లాంటివి ఉంటే సరే, వాటిని కావాలని వదిలేశామని రాసిపెట్టుకోండి, మిగతా ఏది కనిపించినా విచారించండి. రూట్‌గా ఉండాల్సిన స్కీమా తప్ప, రెండోది ఎప్పుడూ ఖాళీగానే ఉండాలి. ఇరవై లైన్లు కూడా దాటని ఈ చెక్ మా ప్రాజెక్ట్‌లో ఎన్ని గంటల టెన్షన్ తప్పించిందో చెప్పలేను.

ఇక టెస్టులు. పెద్ద అసలు మోడల్ ఒకటి తెచ్చి దాని మీద నడిపి బాగుందనుకోవడం టెస్టింగ్ కాదు, ఎందుకంటే వెయ్యి క్లాసులున్న మోడల్‌లో ఒక్క ఫారిన్ కీ పోయిందని ఏ కన్నూ పట్టుకోలేదు. చిన్న మోడల్స్ కావాలి, ఒక్కోటి రెండు నుంచి ఆరు ఎలిమెంట్ల దాకా, ఒక్కోదానికీ ఒక ఉద్దేశం. వాటిని ఎలా ఎంచుకోవాలంటే, ముందు మీ రూల్స్ మెటామోడల్‌లో ఏ భాగాలను తాకుతున్నాయో గీతగీయండి, యూఎమ్ఎల్ మెటామోడల్ మొత్తాన్ని కవర్ చేయాలనుకుంటే జీవితం చాలదు. తాకే భాగంలో ప్రతి ఆట్రిబ్యూట్‌నీ ప్రతి రిఫరెన్స్‌నీ ముక్కలుగా విడగొట్టండి: బూలియన్ అయితే అవును, కాదు; పేరు అయితే ఖాళీ, మామూలుది, రెండుసార్లు వచ్చినది; మల్టిప్లిసిటీ అయితే 0, 1, 5, -1; లింక్ అయితే ఏమీ లేదు, ఒకటి, చాలా. ప్రతి ముక్కా కనీసం ఒక టెస్ట్ మోడల్‌లో ఉండాలి. ఆపైన అనుమానం ఉన్నచోట జతలు కలపండి, ఆబ్‌స్ట్రాక్ట్ క్లాస్ + దాన్ని చూపించే రిఫరెన్స్ అన్నది అలాంటి జతే. తనను తానే చూపించుకునే క్లాస్, ఖాళీ మోడల్, మూడు తరాల ఇన్‌హెరిటెన్స్, ఇద్దరు తల్లులున్న క్లాస్, ఇవి అడగకుండానే చేర్చండి.

వచ్చిన ఫలితం సరైనదని ఎవరు చెప్పాలి? ఆశించిన టార్గెట్ మోడల్‌ని చేత్తో చేసి పోల్చడం ఒక దారి, కానీ మోడల్స్‌ని దాచే ఎక్స్‌ఎమ్‌ఐ ఫైళ్లను టెక్స్ట్‌గా పోల్చకండి. ఐడీలు మారతాయి, క్రమం మారుతుంది, టెస్ట్ ఎర్రగా మారుతుంది, నాలుగుసార్లు అబద్ధపు ఎరుపు చూశాక ఎవరూ పట్టించుకోవడం మానేస్తారు. ఈఎమ్ఎఫ్ కంపేర్ లాంటి మోడల్ పోలిక టూల్ వాడండి, లేదా ఎప్సిలాన్‌లో ఉంటే ఈయూనిట్. అన్ని టెస్టులకీ పూర్తి జవాబు మోడల్ చేయడం కూడా బరువే, మెటామోడల్ మారినప్పుడల్లా అన్నీ మళ్లీ చేయాలి. నా పద్ధతి ఏంటంటే, ఐదారు ముఖ్యమైన మోడల్స్‌కి మాత్రం చేత్తో జవాబు, మిగతా అన్నిటికీ కాంట్రాక్టే జవాబు. కాంట్రాక్ట్‌ని జడ్జిగా పెడితే టెస్ట్ మోడల్స్‌ని ఆటోమేటిక్‌గా పుట్టించి కూడా నడపవచ్చు.

మీ టెస్టులకి పస ఉందా లేదా తేల్చుకోవడానికి మ్యుటేషన్ చేయండి. అంటే ట్రాన్స్‌ఫర్మేషన్‌లో కావాలని ఒక చిన్న తప్పు పెట్టి, ఏ టెస్టయినా పట్టుకుంటుందేమో చూడటం. మొట్టు, బోద్రీ, లు త్రాన్ 2006లో ట్రాన్స్‌ఫర్మేషన్‌లకే ప్రత్యేకంగా ఇలాంటి తప్పుల రకాలను వర్గీకరించారు: నావిగేషన్‌లో తప్పు దారి పట్టడం, ఫిల్టర్ మార్చడం, సృష్టించాల్సింది మానేయడం లేదా వేరేది సృష్టించడం లాంటివి. చేత్తో మొదలుపెట్టినా చాలు. తల్లి క్లాసులన్నీ అడిగేచోట నేరుగా పైనున్న తల్లినే అడిగేలా మార్చండి. ఒక గార్డ్‌లో "కాదు" తీసేయండి. ఒక బైండింగ్ లైన్ చెరిపేయండి. నడపండి. అన్ని టెస్టులూ పచ్చగానే ఉన్నాయా? అయితే ఆ లైన్‌ని మీరు ఇంతవరకూ టెస్ట్ చేయలేదు. మూడు తరాల ఇన్‌హెరిటెన్స్ మోడల్ నా టెస్టుల్లోకి ఇలాగే వచ్చి చేరింది.

టెస్టులు దాటి వెరిఫికేషన్ దాకా వెళ్లాలా అనేది మీ అవుట్‌పుట్ ఎక్కడికి పోతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. మధ్యస్థంగా ఒక మంచి మెట్టు ఉంది, హద్దులు పెట్టి వెతకడం. మెటామోడల్స్‌నీ రూల్స్‌నీ కాంట్రాక్ట్‌నీ అలాయ్ అనే విశ్లేషణ టూల్‌లోకి గానీ, ఓసీఎల్ నియమాలను పరీక్షించే యూఎస్‌ఈ టూల్‌లోని మోడల్ వాలిడేటర్‌లోకి గానీ తెచ్చి, "ఐదు క్లాసులు, ఆరు ఆట్రిబ్యూట్ల లోపు కాంట్రాక్ట్‌ని ఉల్లంఘించే సోర్స్ మోడల్ ఒక్కటి చూపించు" అని అడగండి. ఆ హద్దుల్లో ఉన్న అన్ని మోడల్స్‌నీ సాల్వర్ వెతికేస్తుంది. దొరికితే మీ చేతిలో చిన్న కౌంటర్ ఎగ్జాంపుల్ ఉంటుంది, దాన్ని నేరుగా టెస్టుల్లో వేసుకోవచ్చు. దొరకకపోతే ఆ హద్దు లోపల లేదని మాత్రమే అర్థం, ఆరో క్లాస్‌తో తప్పు రాదని అది చెప్పదు. అయినా తప్పుల్లో చాలావరకు చిన్న ఉదాహరణల్లోనే బయటపడతాయన్న నమ్మకం మీదే అలాయ్ నిలబడింది, నా అనుభవమూ అదే.

ఏ మోడల్‌కైనా సరే నిజం అని రుజువు చేయాలంటే థియరమ్ ప్రూవర్ల (గణిత రుజువులు కట్టే టూల్స్) దగ్గరికి వెళ్లాలి, ఆ ఖర్చు వేరు. విమానాల సాఫ్ట్‌వేర్‌లో కోడ్ జనరేటర్‌ని నమ్మి తర్వాతి చెకింగ్ తగ్గించుకోవాలంటే, విమాన సాఫ్ట్‌వేర్ ప్రమాణం డీఓ-178సీతో పాటు 2011లో వచ్చిన టూల్స్ ప్రమాణం డీఓ-330 ప్రకారం ఆ టూల్‌ని క్వాలిఫై చేయాలి, అక్కడ ఈ శ్రమ సబబే. మధ్యలో ఇంకో తెలివైన దారి, భాషనే చిన్నది చేయడం: డీఎస్ఎల్‌ట్రాన్స్ అనే భాష లూపులూ రికర్షనూ వదులుకుంది, దానికి బదులుగా అందులో రాసిన ఏ ట్రాన్స్‌ఫర్మేషన్ అయినా ఆగి తీరుతుంది, ఒకే ఫలితం ఇస్తుంది.

ఈ ఆగడం, ఒకే ఫలితం అన్న మాటలు ఉన్న మోడల్‌నే లోపల మార్చేవాళ్లకి ప్రాణం లాంటివి. ప్రతి క్లాస్‌కీ ఒక ఐడీ ఆట్రిబ్యూట్ చేర్చే రూల్ రాశారనుకోండి. "ఇప్పటికే ఐడీ లేకపోతేనే" అన్న షరతు మర్చిపోతే, చేర్చాక కూడా ఆ క్లాస్ మళ్లీ రూల్‌కి సరిపోతుంది, మళ్లీ చేరుతుంది, అలా మెమరీ అయిపోయేదాకా. అందుకే ప్రతి రూల్‌కీ నడిచిన ప్రతిసారీ తగ్గే లెక్క ఒకటి చూపించగలగాలి, ఇక్కడ ఐడీ లేని క్లాసుల సంఖ్య. ఒకే ఫలితం సంగతికి వస్తే, ఒక రూల్ ఒకే పిల్ల ఉన్న ఆబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌ని తీసేస్తుంది, ఇంకో రూల్ అదే క్లాస్‌లోకి పిల్ల ఆట్రిబ్యూట్‌ని ఎత్తుతుంది అనుకోండి, ఏది ముందు నడిచిందన్నదాన్ని బట్టి మోడల్ మారిపోతుంది. ఇలా కొట్టుకునే రూల్స్ జతలను క్రిటికల్ పెయిర్ అనాలిసిస్ బయటికి తీస్తుంది, హెన్షిన్‌లోనూ, ఏజీజీ అనే ఇంకో గ్రాఫ్ ట్రాన్స్‌ఫర్మేషన్ టూల్‌లోనూ అది సిద్ధంగా ఉంది.

ఇవన్నీ చేసినా ఎవరో ఒకరు పెద్ద మోడల్ పంపించి "ఇందులో ఒక టేబుల్ తప్పుగా వచ్చింది" అంటారు. అప్పుడు వెంటనే రూల్ తెరిచి సరిదిద్దకండి. ముందు ఆ మోడల్‌ని కుదించండి: సగం ప్యాకేజీలు తీసేసి నడపండి, తప్పు ఇంకా ఉంటే మిగతాదాన్లో సగం, పోతే తీసినదాన్లో సగం వెనక్కి, చివరికి మూడు నాలుగు ఎలిమెంట్లు మిగిలేదాకా. ఆ చిన్న మోడల్‌ని పేరు పెట్టి టెస్టుల్లో వేయండి. తర్వాత మీ కాంట్రాక్ట్ దాన్ని ఎందుకు పట్టుకోలేదో చూసి లోటున్న నియమాన్ని రాయండి, టెస్ట్ ఎర్రగా మారిందని కళ్లతో చూడండి, అప్పుడు రూల్ మీద చెయ్యి వేయండి.